కుక్కను తరిమితే కాలుష్యం పోతుందా?

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కలను తొలగించాలని, తిరిగి అక్కడ విడువరాదని ఆదేశించింది. కాటుకు భయపడే ప్రయాణికునికి ఇది ఊరటే. కానీ కుక్కను స్టేషనుకు రప్పించిన తిండి మాటేమిటి?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కార్మిక కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌నే తీసుకుంటే, అక్కడి ప్లాట్‌ఫారం ఒక్కటే 1,072 మీటర్లు. దానిపై అమ్మే ఆహారానికి జవాబుదారీ రైల్వే అధికారులు. గేటు దాటితే రాష్ట్ర యంత్రాంగం. ఇద్దరికీ ఆధారం 2006 నాటి ఆహార భద్రతా చట్టమే. ఈ సరిహద్దు సాల్మొనెల్లాకు తెలియదు.

పచ్చి మాంసంలో, గుడ్లలో ఉండే ఆ సూక్ష్మజీవి తిన్న కుక్కలో ఏ లక్షణమూ చూపకుండానే దాని మలంతో బయటికి రాగలదు. మాంసం కోసిన కత్తి, కడగని చెయ్యి అదే క్రిమిని మనిషి పళ్ళేనికీ చేరుస్తాయి. పసివారికి, వృద్ధులకు ముప్పు మరీ ఎక్కువ. బాగా ఉడికిస్తే అది చస్తుంది. ఉడికిన కూరకే ఆ కత్తి మళ్ళీ తగిలి, గంటల తరబడి వేడిలో నిలిస్తే తిరిగి పెరుగుతుంది.

పచ్చి కోడిపేగులు విసరడం భూతదయ కాదు. వాటిని వీధిలో పోసిన దుకాణాన్ని వదిలి కుక్కను మాత్రమే పట్టుకోవడం పాలనా కాదు. వ్యర్థాల తొట్టికి మూత, మాంసం దుకాణానికి తనిఖీ, వంటవానికి సబ్బు, నీళ్ళు: ఇవి ఏ కోర్టు చెప్పేదాకా ఆగాలి? చెత్త మిగిల్చి కుక్కను తీసుకుపోతే ఆ చోటికి ఎలుకలు వస్తాయి. సాల్మొనెల్లాను మోయడం వాటికీ తెలుసు.