అవుట్‌పుట్ వచ్చింది సరే, జవాబు చూశారా?

వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, జ్ఞాపకాలు ఎక్కువగా ఉంటాయి. ఉండాలి కూడా. నేను మాత్రం ఈసారి ఇనుప గుగ్గిళ్ళ లాంటి విషయం తెచ్చాను. మన హాస్టల్ నుంచి పాలిటెక్నిక్‌కు, ఇంజనీరింగ్‌కు, ఎం.సి.ఏ.కు వెళ్ళేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇది మన పత్రికలోనే చెప్పాలనిపించింది.

లినక్స్‌లో మనం రాసే ప్రోగ్రాం కెమెరాను నేరుగా ముట్టుకోలేదు. మనం స్టోర్ రూములోకి వెళ్ళి బియ్యం కొలుచుకోలేం కదా, ఇండెంట్ పెట్టాలి. అట్లాగే ప్రోగ్రాం కెర్నల్‌ను అడగాలి. ఆ అడగడమే సిస్టమ్ కాల్. కెర్నల్‌లో కెమెరా సంగతి చూసేది వీడియో డ్రైవరు. అడిగిన ప్రతిసారీ ఒక జవాబు వస్తుంది. దాన్ని చదవకుండా పోవడం మన ల్యాబుల్లో అలవాటైపోయింది. తెర మీద బొమ్మ వస్తే చాలు, రికార్డులో సంతకం పడుతుంది. ఇది తప్పని నా అభిప్రాయం. చూసినట్టే చేసి తప్పుగా చూడడం ఇంకా పెద్ద తప్పు.

కెమెరా ఫైలును తెరిచే ఓపెన్ కాల్ విఫలమైతే మైనస్ 1 ఇస్తుంది. చాలామంది 'సున్నా కంటే ఎక్కువ రాకపోతే ఫెయిల్' అని రాస్తారు. సున్నా కూడా సరైన నంబరే. ఇన్‌పుట్‌ను మూసేసి ప్రోగ్రాంను నడిపితే ఆ సున్నాయే కెమెరాకు దక్కవచ్చు. డ్రైవరు బఫర్లను మన మెమరీలోకి తెచ్చే ఎంమ్యాప్ సంగతి ఇంకొకటి. అది విఫలమైతే నల్ ఇవ్వదు, 'మ్యాప్ ఫెయిల్డ్' అనే వేరే విలువ ఇస్తుంది. నల్‌తో పోల్చినవాడి చెకింగ్ ఎన్నటికీ పట్టుకోదు. ప్రోగ్రాం ఇంకెక్కడో కూలుతుంది, వెతికేది అక్కడ వెతుకుతాం.

కారణం ఎర్‌నో అనే చోట ఉంటుంది. మైనస్ 1 వచ్చిన వెంటనే దాన్ని చదవాలి. మధ్యలో ఒక ప్రింట్‌ఎఫ్ పెట్టినా అది మారిపోవచ్చు. కాల్ సఫలమైనప్పుడు అందులో ఉన్నది పాత సంగతి, దాన్ని పట్టించుకోకూడదు. పైగా ప్రతి మైనస్ 1 వైఫల్యం కాదు. ఎర్‌నో 4 అంటే మధ్యలో సిగ్నల్ వచ్చి ఆగింది, మళ్ళీ అడగమని. ఆగకుండా నడిచే పద్ధతిలో తెరిచిన కెమెరా దగ్గర 11 వస్తే ఫ్రేము ఇంకా తయారు కాలేదని.

అన్నిటికంటే మోసం చేసేది విజయం. 2002లో కెర్నల్‌లో చేరిన వీడియో ఫర్ లినక్స్ రెండవ వెర్షన్‌లో, 640 బై 480 సైజు కావాలని అడిగితే కెమెరాకు చేతకాకపోయినా డ్రైవరు తనకు వీలైన దగ్గరి సైజును అదే స్ట్రక్చర్‌లో రాసి, సున్నా ఇచ్చి పంపవచ్చు. బఫర్లు నాలుగు అడిగితే రెండే ఇవ్వవచ్చు. ఇండెంట్ మీద సంతకం ఉంది, మూట మాత్రం సగమే. మూట చూసుకోవాల్సింది మనమే.

ఇదంతా మనకెందుకంటే, మనలో చాలామంది ఇంట్లో కంప్యూటర్ గురించి అడగడానికి ఎవరూ ఉండరు. చవక వెబ్‌క్యామ్ తగిలించి, ల్యాబులో నడిచిన ప్రోగ్రాంనే నడిపితే బొమ్మ వంకరగా, చారలుగా వస్తుంది. 'నాకు రాదులే' అనుకుంటాడు పిల్లవాడు. అది తన తెలివికి సంబంధించింది కాదు, కెమెరా వేరే సైజు ఇచ్చింది, అంతే. జవాబు చదివే రెండు వరుసలు ప్రోగ్రాంలో ఉంటే ఆ మాట తెర మీదే కనబడేది. కార్పొరేట్ కాలేజీ పిల్లవాడికి ట్యూషన్ సారు చెప్తాడు. మనకు ఎర్‌నోనే సారు.

డ్రైవరే రాసేవాళ్ళకు బాధ్యత ఇంకా ఎక్కువ. కెర్నల్ లోపల కారణాన్ని మైనస్ అంకెగా తిరిగి ఇవ్వాలి. పరికరం ఖాళీగా లేకపోతే మైనస్ 16, అడిగిన విలువ చెల్లకపోతే మైనస్ 22. ఏం తోచక 'రిటర్న్ మైనస్ 1' అని రాస్తే బయట ప్రోగ్రాంకు 'నీకు అనుమతి లేదు' అని వినబడుతుంది, ఎందుకంటే 1 అనే అంకెకు అక్కడ అర్థం అదే. కేబుల్ లూజైనదానికి వాడుకరి పర్మిషన్లు మార్చుకుంటూ కూర్చుంటాడు. యూజర్ మెమరీ నుంచి డేటా తెచ్చే కాపీ ఫ్రమ్ యూజర్ అనే ఫంక్షన్ ఎర్రర్ అంకె ఇవ్వదు, కాపీ కాకుండా మిగిలిపోయిన బైట్ల లెక్క ఇస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి ఇస్తే అది ప్లస్ అంకె. మైనస్ 1 కోసం చూసే ప్రోగ్రాంకు అంతా బాగున్నట్టే. అక్కడ మైనస్ 14గా మార్చి ఇవ్వాలి.

ఇన్ని చెకింగులు పెడితే ప్రోగ్రాం పొడవై అసలు సంగతి కనబడదని కొందరు లెక్చరర్లు అంటారు. నేను ఒప్పుకోను. ఒక చిన్న ఫంక్షన్ రాసి, 4 వస్తే మళ్ళీ అడిగేలా చేసి, అన్ని కాల్స్ దాని ద్వారానే పంపితే సరిపోతుంది. వీడియో ఫర్ లినక్స్ డాక్యుమెంట్లలోని నమూనా ప్రోగ్రాంలోనే అలాంటిది ఉంది. చివర్లో కెమెరాను మూసే క్లోజ్ జవాబు చూడకపోయినా నాకు పెద్ద పట్టింపు లేదు.

లెక్చరర్లుగా, ల్యాబ్ ఎగ్జామినర్లుగా ఉన్న మన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మార్కులు వేసే ముందు, ప్రోగ్రాం నడుస్తుండగా కెమెరా వైరు ఒకసారి పీకండి. 'పరికరం లేదు' అని చెప్పి మర్యాదగా ఆగిన ప్రోగ్రాంకు, బొమ్మ ఎంత బాగా వచ్చినా మాట్లాడకుండా బిగుసుకుపోయిన ప్రోగ్రాం కంటే ఎక్కువ మార్కులు వేయండి.