ఒంటరి అతిథి

ఈ సంచిక యాత్రావ్యాసములకై కేటాయింపబడినది గనుక, పరదేశమున ఏకాకియై భోజనశాల మెట్లెక్కువాని అవస్థను గూర్చి రెండు మాటలు చెప్పుట అప్రస్తుతము కానేరదు. స్పెయిను దేశపు వలెన్సియా నగరమున, కుంకుమపువ్వు వేసి వెడల్పాటి పెనమున వండెడు పాయెయ్యాను రుచి చూడవలెనని ఎంత దూరము పోయినను, పెక్కు హోటళ్ల పట్టికలలో దాని పేరు క్రిందనే ‘కనీసము ఇద్దరికి’ అని వ్రాసియుండును. పలుచగా పరచిన అన్నము అడుగున మాడీ మాడక పెళుసెక్కవలెనన్న పెద్ద పెనమే కావలెను గనుక, ఇందు వంటవాని దోషము లేదు. అడుగనిదే బిల్లు తేకుండుటయు అచటి మర్యాదయే గాని అవమానము గాదు. అయితే, కిటికీ చెంత బల్లలు ఖాళీగా నుండగా, ఒక్కడే వచ్చినాడని అతిథిని వంటింటి తలుపు ప్రక్కకు తోలి, మంచినీళ్లడిగిన అరగంటకు గాని మొగము చూపని సర్వరు ఉపేక్షకు ఏ పాకశాస్త్రమునను సమాధానము దొరకదు. ఆ కష్టము చెప్పుకొనుటకు ఎదుటి కుర్చీలో నెవరును ఉండరు గదా! జపానున మాత్రము, యంత్రమున పైకము వేసి మీట నొక్కి చీటీ పుచ్చుకొను రామెన్ దుకాణములలో, ఒంటి ఆసనముల వరుసలో, ఏకాకియే రాజు. ఈ ఉభయానుభవములను చవిచూచి వచ్చిన మా రచయితల వ్యాసములు లోపలి పుటలలో నున్నవి.