మస్టరులో లేని సీమ కూలి

కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు. వాన మొగం చాటేసిన ఏడు ఈ మండలాల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలోళ్లను కాపలా పెట్టి, పిల్లల్ని బడి మాన్పించి మనోళ్లు సుగ్గికి పోతారు. ఎక్కడికి? గుంటూరు, పల్నాడు, ప్రకాశం మిరప చేలకు, పత్తి చేలకు. కోతలు ముగిశాక అక్కడే కట్టడం పనికి దిగేవాళ్లూ ఉన్నారు. చేలో కూలి ఇచ్చే రైతు కళ్లెదుట ఉంటాడు. కట్టడం పనిలో కూలి ఇవ్వాల్సింది ఎవరు?

సర్కారు పని కంపెనీకి పోతుంది. కంపెనీ సబ్ కాంట్రాక్టరుకిస్తుంది. అతను మేస్త్రీకి గుత్తకిస్తాడు. మేస్త్రీ మన ఊరికొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి ముఠాను లారీ ఎక్కిస్తాడు. కూలి అడిగితే మేస్త్రీ సబ్ కాంట్రాక్టరును చూపిస్తాడు, ఆయన కంపెనీని చూపిస్తాడు, కంపెనీ ‘బిల్లు రాలేదు’ అంటుంది. బిల్లు రాకుంటే కూలోడి కడుపు ఆగుతుందా?

చట్టం ఈ ఆటను ఒప్పుకోదు. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పిందీ, 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌లు చెప్తున్నదీ ఒకటే. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. సబ్ కాంట్రాక్టరు కూడా కాంట్రాక్టరే. అయితే పాత చట్టం 20 మంది కూలీలతో వర్తించేది, కొత్త కోడ్ దాన్ని 50కి పెంచింది. 49 మందితో నడిచే చిన్న పనికి ఆ కోడ్‌లోని కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించవు.

ఇంకో విడ్డూరం చూడండి. 1955లో మొదలైన నాగార్జునసాగర్‌కు రాళ్లు మోసినవాళ్లలో పాలమూరు కూలీలున్నారు. ఆ కుడి కాలువే గుంటూరు, ప్రకాశం పొలాలకు నీళ్లిస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో పాలమూరు కూలి గుంటూరుకొస్తే చట్టం లెక్కలో వలస కూలి కాదు. 2014 జూన్ 2 నుంచి అతను అంతర్రాష్ట్ర వలస కార్మికుడు. కాంట్రాక్టరు తెచ్చుకుంటే రానుపోను ఖర్చులు అడిగే హక్కుంది. అదే సైటులో, అదే తట్ట మోసే కోసిగి కూలికి ఆ హక్కు లేదు. ఎందుకంటే అతనిది ‘సొంత రాష్ట్రం’!

ఆ సొంత రాష్ట్రం మనకేమిచ్చింది? 1953 అక్టోబర్ 1న రాజధాని అయిన కర్నూలు 1956 నవంబర్ 1న ఆ హోదా పోగొట్టుకుంది. అమరావతికి 2015లో శంకుస్థాపన జరిగింది, 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. కట్టడాల ఖర్చులో 1 శాతం కార్మిక సంక్షేమానికి సెస్సుగా కట్టాలి. అందులోంచి సాయం అందాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపాలి. మస్టరులో పేరే లేనివాడు ఏం చూపిస్తాడు?

ప్రత్యేక సీమ వస్తే రానుపోను ఖర్చులు దక్కుతాయని మేము ఉద్యమం చేయడం లేదు. సీమకు నీళ్లొస్తే సుగ్గి బతుకే ఉండదని చేస్తున్నాం. అందాకా జిల్లా దాటిన కూలికీ వలస కార్మికుడి హక్కులివ్వాలని మా డిమాండు.

ఇంజనీర్లుగా, ఖజానాలో, కార్మిక శాఖలో ఉన్న సీమ ఉద్యోగులారా! బిల్లు మీద సంతకం పెట్టే ముందు మస్టరు, వేతన పట్టీ అడగండి. సబ్ కాంట్రాక్టరు కూలీల ఖాతాల్లో డబ్బు వేశాడో లేదో చూడండి. విద్యార్థి మిత్రులారా! సుగ్గికి బయల్దేరే మీ అమ్మానాన్నల చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. మేస్త్రీ పేరు, సైటు, కంపెనీ పేరు, చేసిన రోజులు, అందిన కూలి అందులో రాయించండి. రేపు లేబర్ ఆఫీసులో మన తరఫున మాట్లాడే సాక్షి ఆ పుస్తకమే.

జై రాయలసీమ!