పాత యాటపెట్టె: లోపించిన భాగములు

అటకమీది పాత రేడియోను దింపి, దుమ్ము దులిపి, “ఇది యెవరినాటిది? ఇందేమి పోయినది?” అని విచారింపని గృహిణి యుండదు. ఈ మాసము మేమట్టి విచారమునే దూరదేశపు వస్తువొకదానినిగూర్చి చేయ దలచితిమి.

అమెరికాలో 1980వ సంవత్సర ప్రాంతమున అంగళ్లలోను వినోదశాలలలోను నిలువెత్తు చెక్కపెట్టె లుండెడివి. నాణెము వేసిన లోపలి తెరపై ఆట మొదలగును. వీనిని ఆర్కేడ్ యంత్రము లందురు. నేడు వానిలో ననేకములు మూలబడి, భాగములు పోయి, తమ పేరైనను తెలుపలేని స్థితిలో నున్నవి. ముచ్చటపడి వానిని కొని బాగుచేయువారును గలరు.

అట్టి పెట్టె చేతికి వచ్చినపుడు మొదట చేయవలసినది మరమ్మతు గాదు, గుర్తింపు. ఏలయన ఒక యాటపై జనులకు మోజు తగ్గినంతనే యజమానులు పెట్టెకు రంగు పూసి, లోపలి సర్క్యూటు బోర్డును మార్చి, వేఱొక యాటగా నడుపుట 1980ల నడుమ సామాన్యమయ్యెను. కావున పైన గనబడు పేరును నమ్మరాదు. వెనుకనున్న పలకపై వరుససంఖ్యయు, బోర్డుపై నచ్చువేసిన సంవత్సరమును జూడవలెను. రంగు లేచిన చోట పాతబొమ్మ కనబడునేమో పరికింపవలెను. ఆడువారు చేతులుంచు పలకలో పూడ్చిన రంధ్రములను వెదకవలెను. అందు గుండ్రని పెద్ద రంధ్ర మొకటి యున్నచో, పూర్వ మచట దొరలెడి బంతి యుండెనేమో యని యూహింపవచ్చును.

దృష్టాంతముగా 1981లో అటారి కంపెనీవారు వెలువరించిన “సెంటిపీడ్” అను జెర్రియాటను తీసికొందము. పుట్టగొడుగుల నడుమ మెలికలు తిరుగుచు జెర్రి దిగివచ్చును. దాని నడుమ గొట్టిన రెండు జెఱ్ఱులై తిరుగును. ఆటకత్తె యొకచేత బంతిని దొరలించుచు, వేఱొకచేత బొత్తాము నొక్కుచు దానిని గొట్టవలెను. బంతి తిరిగినపుడు దానిక్రింది కడ్డీలు తిరుగును. ఆ కడ్డీల చివరి పండ్లచక్రములు సన్నని వెలుతురును అడ్డుచు విడుచుచు నుండగా, చేయి యెటు కదలినదో యంత్రము గ్రహించును. కావున పోయిన బంతికి బదులేదో యొక బంతి నుంచిన చాలదు. కొలత సరిపోవలెను, అరిగిన బేరింగులను మార్చవలెను, చక్రముల దుమ్ము తుడువవలెను. విప్పుటకు ముందే ఛాయాచిత్రములు తీసికొని, తీసిన ప్రతి మరను పొట్లము గట్టి పేరు వ్రాసి యుంచవలెను.

ఒక్క హెచ్చరిక. పాత గాజు తెరగొట్టములో, తీగె నూడదీసిన పిదపను, వేల వోల్టుల విద్యుత్తు నిలిచియుండవచ్చును. అది ప్రాణాపాయకరము. ఆ పని తెలిసినవారికే విడువవలెను.

ఈ జెర్రిపెట్టెలో మఱియొక విశేషము గలదు. అత్యధికముగా గెలిచిన మువ్వురి లెక్కలును, వారి పేళ్ల మూడేసి యక్షరములును, విద్యుత్తు లేకున్నను నిలుపుకొను చిన్న చిప్పు దీనిలో నున్నది. దాని నాలోచింపక మార్చినచో, ఎన్నడో యాడిన వారి గురుతులు మిగిలియున్నను పోవును. క్రొత్తది వేయుటకన్న ముందు పాతది యేమి దాచుకొన్నదో చూడవలెనని మేము చెప్పుట యిందులకే.

అయితే ఆడినవారి యక్షరములను దాచుకొనిన యీ పెట్టె, తన్ను నిర్మించినవారి పేరును మాత్రము చెప్పదు. ఎడ్ లాగ్ గారితో కలసి ఈ యాటను రచించినది డోనా బెయిలీ యను వనిత. అటారివారి నాణెపుటాటల శాఖలో ప్రోగ్రాములు వ్రాయువారిలో నాడామె యొక్కతెయే స్త్రీ. ఆ తెరపై గనబడు లేతరంగుల మేళవింపు ఆమె యభిరుచియే. ఈ యాట స్త్రీలను గూడ మిక్కిలి యాకర్షించెను. అయినను ఆమె పేరు పెట్టెపైన లేదు.

బంతి పోయిన బంతి దొరకును. పలక విరిగిన మఱియొకటి చేయింపవచ్చును. ఈ పేరు మాత్రము ఏ యంగడిలోను దొరకదు. దానిని బాగుచేయువారే తెలిసికొని, ఒక చీటిపై వ్రాసి, పెట్టె తలుపు లోపల నంటింపవలెను. క్రొత్తగా వేసిన భాగము లేవో, పాతవి యేవో ఆ చీటిపైననే వ్రాసినచో, రేపు దానిని తెఱచువారు మోసపోరు. మన యింట తల్లులు కుట్టిన బొంతలకును, అల్లిన తెరలకును గూడ నిట్టి చీటి యుండిన నెంత బాగుండును! ఈ దినముననే ఒకటి వ్రాయుదురని మా యాశ.