ఇఫ్తార్ తర్వాతి సిగరెట్టు

సిగరెట్టు లేనిదే గంట గడవదనే సోదరులు సైతం రమజాన్ మాసంలో సహరి మొదలు మగ్రిబ్ వరకు దాన్ని ముట్టరు. ఎవరూ చూడని చోట కూడా ముట్టరు. అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహే అందుకు కారణం. అయితే ఖర్జూరంతో ఉపవాసం విరమించి, నమాజు ముగించగానే చేయి జేబులోకి వెళుతుంది. పగలంతా సాధించిన విజయం అక్కడే చేజారిపోతుంది.

పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడును చేరి క్షణికమైన హాయినిస్తుంది. మెదడు ఆ హాయినే పదేపదే కోరడం వ్యసనం. రక్తంలోని నికోటిన్ సుమారు 2 గంటలకొకసారి సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన ఇఫ్తార్ వేళకు మిగిలేది అత్యల్పం. రక్తంలో ప్రాణవాయువుకు అడ్డుపడే కార్బన్ మోనాక్సైడ్ కూడా అప్పటికి బాగా తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయంలో వెలిగించిన సిగరెట్టు గుండె వేగాన్ని, రక్తపోటును పెంచి, రక్తనాళాలను కుదిస్తుంది. చల్లారబోతున్న వ్యసనాన్ని ప్రతి రాత్రీ తిరిగి రాజేస్తుంది.

మనిషిని బానిసను చేసేది నికోటిన్ అయితే, ప్రాణం తీసేది ప్రధానంగా పొగ. అందులో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో పదుల సంఖ్యలో క్యాన్సర్ కారకాలే. ఊపిరితిత్తులు, నోరు, గొంతు, మూత్రాశయ క్యాన్సర్లకు, గుండెపోటుకు, పక్షవాతానికి అది దారి తీస్తుంది. బీడీ, చుట్ట ఇందుకు మినహాయింపు కావు. పొగాకు ఏటా ప్రపంచంలో 70 లక్షల మందికి పైగా బలిగొంటోంది. వారిలో 10 లక్షలకు పైగా ఇతరుల పొగ పీల్చినవారే.

ఇంట్లో పొగతాగితే పసిపిల్లలకు ఉబ్బసం, న్యుమోనియా, చెవి ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. కిటికీలు తెరిచినంత మాత్రాన అది తొలగదు. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (సఅసం) వారించారు. తోటివారికి వాసనతోనైనా బాధ కలగరాదన్న ధర్మం మనది. అటువంటప్పుడు ఆలుబిడ్డల ఊపిరిలో విషం కలపడం ఎలా సమంజసం? వారూ, మన దేహమూ అల్లాహ్ మనకప్పగించిన అమానతులే.

మానిన తొలి 2, 3 రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపం ఎక్కువగా బాధిస్తాయి. 3, 4 వారాల్లో అవి చాలావరకు తగ్గుతాయి. రమజాన్ నిడివి కూడా దాదాపు అంతే. పగటి నిగ్రహాన్ని రాత్రికీ పొడిగిస్తే ఈద్ నెలవంక కనిపించేనాటికి కష్టకాలం చాలావరకు గడిచిపోతుంది. కోరిక పుట్టినప్పుడు అది కొద్ది నిమిషాలే ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఆ కాసేపు నీళ్లు త్రాగాలి, మిస్వాక్ చేయాలి, తరావీహ్‌కు నడిచి వెళ్లాలి. పొగతాగే మిత్రుల కూటమికి దూరంగా ఉండాలి. ఇంటివారు దెప్పిపొడవక ఓపికతో తోడు నిలవాలి. అవసరమైతే వైద్యుని సలహాతో నికోటిన్ గమ్ వంటివి వాడవచ్చు. జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 1800-11-2356 కూడా అందుబాటులో ఉంది. ఒకసారి తడబడినా నిరాశ చెందక మళ్లీ ప్రయత్నించాలి. ఏడాది పాటు మానితే పొగ వల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది.

పగలు అల్లాహ్ కోసం మానగలిగినవారు రాత్రీ మానగలరు. ఆ స్థైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.