సంపాదకుని మాట: నాగోల్ నుంచి వెబ్ సభకు

2011 మార్చి 30. నాగోల్‌లో పొద్దున్నే బస్సెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, ఇంకో బస్సు పట్టుకుని మాదాపూర్ అవతల హైదరాబాద్ అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ (హెచ్‌ఐసీసీ)కి చేరేసరికి ఇస్త్రీ చొక్కా కాస్తా నలిగి ముద్దయింది. ఇరవయ్యో అంతర్జాతీయ వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు అది. 1994లో జెనీవాలోని సెర్న్ పరిశోధన కేంద్రంలో మొదలైన ఈ సభ మన దేశానికి రావడం అదే తొలిసారి. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ, మన అబ్దుల్ కలాం వక్తల్లో ఉన్నారు.

మెడలో బ్యాడ్జీ పడ్డా, పిలవని పెళ్లికి వెళ్లినట్టే ఉంది నాకు. పరిశోధన పత్రాలు సగం తలకెక్కలేదు, దాచుకోవడం దేనికి! నేర్చుకున్నదంతా టీ బల్ల దగ్గరే. పక్కనున్న కుర్రాడు బిస్కెట్ నంజుకుంటూ, పేపరు గ్లాసు మీద గీతలు గీసి చూపిస్తే సెర్చ్ ఇంజిన్ సంగతి తేలిగ్గా బోధపడింది. మధ్యాహ్నం మొహాలీలో భారత్-పాకిస్తాన్ ప్రపంచకప్ క్రికెట్ సెమీఫైనల్. ఇక వెబ్ పండితులైతేనేం, అందరి వేళ్లూ ఫోన్లలో స్కోరు మీదే!

ఇప్పుడు నాగోల్‌లో మెట్రో ఎక్కితే అటువైపు రాయదుర్గం దాకా ఒకటే రైలు. చొక్కా నలగదు. అప్పటి నాలా తొలిసారి సదస్సుకు వెళ్లేవారి కోసమే ఈ సంచిక. మీ అనుభవాలూ రాసి పంపండి.