బొమ్మల కథలను వెలివేస్తే ఎవరికి లాభం?

బొమ్మల కథలు చదివేవాడు సాహిత్య పాఠకుడు కాడనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. నవల చదివే విద్యార్థిని మెచ్చుకుంటాం. కవిత్వం చదివితే మరీ మెచ్చుకుంటాం. అదే విద్యార్థి ఫోనులో వారం వారం వెలువడే బొమ్మల కథ చదువుతూ కనిపిస్తే, పాడైపోతున్నాడని తీర్మానిస్తాం. ఇట్లా తీర్మానించేవారు ఛాందసులే అయితే నాకీ వ్యాసం రాసే పని ఉండేది కాదు. అభ్యుదయ సాహిత్యాన్ని గురించి గంటల తరబడి ఉపన్యసించగల మన మిత్రులే ఇందులో ముందున్నారు. అందుచేత ఈ తగాదా తేల్చుకోవలసిన చోటు ఇదే.

వెబ్‌కామిక్ అంటే అచ్చుపత్రికతో నిమిత్తం లేకుండా రచయిత నేరుగా ఇంటర్నెట్‌లో విడతలు విడతలుగా ప్రచురించే బొమ్మల కథ. దీనిమీద మన మిత్రుల ఆక్షేపణలు మూడు. బొమ్మ పాఠకుడి ఊహను చంపుతుందని ఒకటి. ఇది అమెరికా నుంచి దిగుమతి అయిన కాలక్షేపమని రెండవది. ఇందులో ప్రజల జీవితం లేదన్నది మూడవది. వీటిని ఊహాగానాలతో కాక, ఇప్పటికీ నడుస్తున్న నాలుగు వెబ్‌కామిక్స్‌ను ముందు పెట్టుకొని పరీక్షిద్దాం. ఈ నాలుగూ నేను క్రమం తప్పక చదివేవి, నా విద్యార్థులకు చదవమని చెప్పేవి.

మొదటి ఆక్షేపణకు జవాబు కెనడా రచయిత ర్యాన్ నార్త్ 2003 నుంచి నడుపుతున్న 'డైనోసార్ కామిక్స్'. ఇందులో ఆరు గళ్లుంటాయి. దాదాపు ప్రతి విడతలోనూ అవే ఆరు బొమ్మలు. ఒక రాక్షసబల్లి నడుస్తుంది, ఒక చిన్న ఇంటిని తొక్కబోతుంది, దాని మిత్రుడు వచ్చి అడ్డు చెబుతాడు. ఇరవయ్యేళ్లు దాటినా బొమ్మలు అవే, మారేది మాటలు. ఒకనాడు నీతిశాస్త్రం, మరొకనాడు భాషాశాస్త్రం, ఇంకొకనాడు ప్రేమ. మాటల బలం లేకపోతే ఈ రచన రెండో వారానికే చచ్చి ఉండేది. సీసపద్యం నడక వందల ఏళ్లుగా ఒకటే అయినంత మాత్రాన సీసంలో చెప్పేదంతా ఒకటే అయిందా? ఛందస్సు కవి ఊహను చంపదని ఒప్పుకునే పండితుడు, ఆరు గళ్లు పాఠకుడి ఊహను చంపుతాయని ఎట్లా అంటాడో నాకు బోధపడదు.

రెండవది, అమెరికాలో ర్యాండల్ మన్రో 2005లో మొదలుపెట్టిన 'ఎక్స్‌కేసీడీ'. వారానికి మూడు విడతలు వస్తుంది. ఇప్పటికి మూడు వేలు దాటాయి. మనుషులంటే అందులో నాలుగు గీతలూ ఒక సున్నా. ముఖాలు కూడా ఉండవు. 2013లో ఆయన 'టైమ్' అనే ఒకే ఒక విడతను నెలల తరబడి నడిపాడు. సముద్రపు ఒడ్డున ఇద్దరు ఇసుకకోట కడుతూ ఉంటారు. కొంతసేపటికి ఒక బొమ్మ చొప్పున మారుతూ, మూడువేలకు పైగా బొమ్మలు గడిచేసరికి అది పెరుగుతున్న సముద్రాన్నీ, ఊళ్లు విడిచి కదలవలసిన మనుషులనూ చూపే కథ అవుతుంది. 2014లో దానికి హ్యూగో బహుమతి వచ్చింది. ముఖం గీయని చోట ముఖం ఊహించుకునేది పాఠకుడే. ఊహ చచ్చిపోయిందనేవారు ఇది చూసి చెప్పాలి.

ఇక దిగుమతి సంగతి. ఈ రెండూ పరాయిదేశపు రచనలే, కాదనను. కాని గళ్లలో బొమ్మలు వేసి కథ చెప్పడం మనకెవరో నేర్పారనడం మన చరిత్ర మనకు తెలియకపోవడమే. తెలంగాణలో చేర్యాల నకాశీలు గీసే పటాలను చూడండి. పొడవాటి గుడ్డమీద వరుస కింద వరుసగా బొమ్మలుంటాయి. పటం విప్పుకుంటూ పోతే కథ నడుస్తుంది. పద్మశాలీలకు కూనపులివారూ, మాదిగలకు డక్కలివారూ ఈ పటాలు చూపే కథలు చెప్పారు. డక్కలివారి జాంబపురాణం మాదిగల పుట్టుకను మాదిగల వైపునుంచి చెప్పే పురాణం. దాన్ని మన పాఠ్యపుస్తకాలు ఎంతకాలం ప్రబంధాల పక్కన కూర్చోనిచ్చాయి? ఈనాడు ఫోను తెరమీద వేలితో కిందికి జరుపుకుంటూ చదివే కథ ఆ పటానికి మరీ దూరపు చుట్టం కాదు. దాన్ని చూసి ముఖం చిట్లించే అలవాటు కూడా పాతదే. పటం చూసేవాడు పామరుడనీ, తాటాకు చదివేవాడు పండితుడనీ అన్న అలవాటది.

1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేతికెత్తుకున్నప్పుడు, అది సంతలో పాడుకునే పాట అని మనవాళ్లు వదిలేయలేదు. నాజర్ వంటి కళాకారుల చేత ఆ రూపాన్ని జనం మధ్య నిలబెట్టారు. రూపం ఎవరిదని అడిగి ఊరుకోలేదు, అందులో ఏం చెప్పవచ్చునని అడిగారు. వారి పేరు చెప్పుకునే మనం ఆ ప్రశ్నను ఎందుకు మరిచాం?

మూడవ ఆక్షేపణ అన్నింటిలోకీ గట్టిది. ప్రజల జీవితం లేని రచనను మనం మెచ్చనక్కర్లేదు. అయితే లేదని చెప్పేముందు చదవాలి గదా! రిచ్ బర్లూ అనే అమెరికన్ 2003 నుంచి గీస్తున్న 'ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్' పైకి కత్తులు, మంత్రాలు, వీరుల కథ. మొదటి వంద విడతలూ హాస్యం కోసమే ఉన్నట్టు కనిపిస్తాయి. పదమూడు వందల విడతలు దాటిన ఈ కథలో అసలు ప్రశ్న మెల్లగా బయటపడుతుంది. గోబ్లిన్లనే జాతిని దేవుళ్లు సృష్టించిందే వీరులు చంపి అనుభవం గడించడానికట. ధర్మయోధులమని చెప్పుకునేవారు ఒక గోబ్లిన్ పల్లెను నరికేస్తారు. అందులో బతికి బయటపడ్డ కుర్రవాడే రెడ్‌క్లోక్ అనే ప్రతినాయకుడు. అతని కోరిక తన జాతికి సమానత్వం. అతడు చేసే ఘోరాలను రచయిత దాచలేదు. అతని ఫిర్యాదు న్యాయమైనదన్న సంగతినీ దాచలేదు. మన పురాణాల్లో రాక్షసుడు ఎవరు, అతన్ని చంపడం ధర్మమని రాసింది ఎవరు అని 'శంబుకవధ' నాటకంలో త్రిపురనేని రామస్వామి చౌదరి అడిగిన ప్రశ్నకు ఇది దగ్గరి బంధువు. అటువంటి రచన చదివే విద్యార్థి కాలం వృథా చేస్తున్నాడనడం న్యాయమేనా?

నాలుగవది మన దేశపుదే. రచితా తనేజా 2014లో మొదలుపెట్టిన 'శానిటరీ ప్యానెల్స్'. ఇక్కడా గీతల మనుషులే. స్త్రీల మీద పెత్తనం, కులం, ప్రభుత్వం, కోర్టు, ఏదీ ఈ బొమ్మలకు అంటరానిది కాదు. సుప్రీంకోర్టును విమర్శించిన బొమ్మలకుగాను ఆమెపై కోర్టు ధిక్కార చర్యకు 2020 డిసెంబరులో అటార్నీ జనరల్ అనుమతి ఇచ్చారు. అదే నెలలో కోర్టు ఆమెకు నోటీసు పంపింది. 2024లో జెనీవాలో కార్టూనిస్టుల ధైర్యానికి ఇచ్చే కోఫీ అన్నన్ పేరిటి బహుమతి ఆమెకూ, హాంకాంగ్ కార్టూనిస్టు జున్‌జీకీ కలిపి దక్కింది. నాలుగు గీతల బొమ్మ సాహిత్యమా కాదా అని మనమింకా చర్చిస్తున్నాం. దాని బలం న్యాయస్థానానికి మనకంటె ముందే తెలిసింది.

ఇంతకూ ఈ రచయితలు ఎట్లా బతుకుతున్నారు? మన పత్రికలో వేయక తప్పని ప్రశ్న ఇది. బర్లూ కథ చదవడానికి పైసా చెల్లించనక్కర్లేదు. 2012లో పాత సంపుటాలు మళ్లీ అచ్చువేయడానికి 57,750 డాలర్లు కావాలని ఆయన పాఠకులను అడిగితే, దాదాపు పదిహేను వేలమంది కలిసి పన్నెండున్నర లక్షల డాలర్లు ఇచ్చారు. మన్రో తన బొమ్మలను పేరు చెప్పి, లాభం కోసం కాకుండా ఎవరైనా పంచుకోవచ్చునని అనుమతి ఇచ్చాడు. మన గోడపత్రికలో రేపే అంటించుకోవచ్చు.

దీన్ని చూసి సోషలిజం వచ్చేసిందని గంతులేయవద్దు. ఇది చిన్న ఉత్పత్తిదారు బతుకు. మగ్గం తనదైనంత మాత్రాన నేతగాడు స్వతంత్రుడు కాడు. నూలు ఎవరిది, అంగడి ఎవరిది అన్నది చూడాలి. 'శానిటరీ ప్యానెల్స్' జనంలోకి పోయేది ఎక్కువగా సోషల్ మీడియా కంపెనీల వాకిలి గుండానే. మరోవైపు కొరియాలో 2004లో నేవర్ సంస్థ మొదలుపెట్టిన వెబ్‌టూన్ వ్యాపారం 2024 జూన్‌లో అమెరికా నాస్‌డాక్ మార్కెట్లో వాటాలు అమ్మేంతగా పెరిగింది. అక్కడ తరువాతి విడత ముందుగా చదవాలంటే నాణేలు కొనాలి. పాఠకుడి ఆత్రమే అక్కడ సరుకు. వారం వారం విడత అందించవలసిన చిత్రకారుడి వేళ్ల నొప్పి ఆ లెక్కల్లోకి రాదు.

మనం ఈ రంగాన్ని చిన్నచూపు చూసి తప్పుకుంటే ఎవరికి లాభమో ఇప్పుడు తెలుస్తుంది. విద్యార్థి బొమ్మల కథలు మానడు. ఏది చదవాలో మనం చెప్పకపోతే కంపెనీ చెబుతుంది. అది చెప్పేటప్పుడు కథలో వర్గం, కులం, న్యాయం ఉన్నాయా అని చూడదు. చూసేది నాణేలు రాలతాయా అని.

ఈ నాలుగింటిలో లోపాలు లేవని నేననను. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. 'ఎక్స్‌కేసీడీ'లో సగం హాస్యం లెక్కలూ కంప్యూటర్లూ తెలిసినవారికే దక్కుతుంది. జీతం, అద్దె, ఆకలి ఆ గీతల మనుషులను బాధించడం అరుదు. 'ఆర్డర్ ఆఫ్ ది స్టిక్' ఒక ఆట నియమాల మీద నడిచే కథ కనుక మొదట్లో ఓపిక కావాలి. ఈ లోపాలను చెప్పవలసినది విమర్శకుడే, అదీ చదివి చెప్పాలి. నవలకు చేసే మర్యాద దీనికీ చేయాలి.

కొత్త పాఠకులకు నా సలహా ఇది. 'శానిటరీ ప్యానెల్స్'తో మొదలుపెట్టండి, ఆ లోకం మనకు తెలిసిందే. తరువాత 'డైనోసార్ కామిక్స్' ఎక్కడినుంచైనా చదవవచ్చు. 'ఎక్స్‌కేసీడీ'లో 'టైమ్' కోసం ఒక సాయంత్రం కేటాయించండి. 'ఆర్డర్ ఆఫ్ ది స్టిక్'ను మాత్రం మొదటి విడత నుంచి వరుసగా చదవాలి. రచయితల సొంత వెబ్‌సైట్లు ఉన్నచోట అక్కడికే పోయి చదవండి. చదివి ఊరుకోకుండా విమర్శ రాయండి. బొమ్మలు గీయగల విద్యార్థులు మన ఊళ్ల కథను, మన మాటల్లో, విడతలుగా గీయడం మొదలుపెట్టండి. అధ్యాపక మిత్రులు నాతో విభేదిస్తే ఆ విభేదం కూడా ఈ పేజీల్లోనే రావాలి. అయితే ఒక షరతు: నాలుగింటిలో కనీసం ఒకటైనా చదివి రావాలి.